చక్ లోపలి స్క్రూ

నా వయసు అరవై ఒకటి. వృత్తి వడ్రంగం, పదిహేడో ఏట ఉలి పట్టాను. పనిచోట నన్ను కొలతల మామ అంటారు. ముప్పై రెండేళ్ళ నా అల్లుడు నాలుగేళ్ళుగా నా దగ్గరే పనిచేస్తున్నాడు. మాతో పనిచేసే పెయింటర్ కంటికి దెబ్బ తగిలినందుకు అల్లుడి మీద కేసు కట్టారు. అందులో నిజం చెప్పడానికి ఈ శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చాను.

మేము ఒక బడి లైబ్రరీలో గోడకు చెక్క అరలు బిగిస్తున్నాం. సోమవారం గోడకు పెద్ద రంధ్రాలు వెయ్యడానికి లావు బిట్టు అవసరమైంది. మా బ్యాటరీ డ్రిల్లు చక్ పది మిల్లీమీటర్లకు మించి నోరు తెరవదు. ఇంట్లో ఒక చెడిపోయిన డ్రిల్లు ఉంది, దాని చక్ పదమూడు దాకా పడుతుంది. సాయంత్రం ఐదున్నరకు ఆ చక్ ఊడదీసి బ్యాటరీ డ్రిల్లుకు బిగించాను. మరలు సరిగ్గా కలిశాయి.

ఇక్కడ ఇన్‌స్పెక్టర్ గారు ఆపి, చక్ అంటే ఏమిటో చెప్పమన్నారు. డ్రిల్లు మూతి దగ్గర మూడు దవడలతో బిట్టును పట్టుకునేదే చక్. అది బిట్టును పట్టుకోవడం ఒక ఎత్తు, డ్రిల్లు చక్‌ను పట్టుకోవడం ఇంకో ఎత్తు. జనం మొదటిదే చూస్తారు. చక్ నోరు పూర్తిగా తెరిస్తే అడుగున చిన్న స్క్రూ కనిపిస్తుంది. అన్ని స్క్రూల్లా కాకుండా అది ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. డ్రిల్లును రివర్స్‌లో తిప్పినప్పుడు చక్ ఊడి రాకుండా ఆపేది అదొక్కటే. ఈ చక్‌కు లోతు ఎక్కువ, మా డ్రిల్లు స్క్రూ పొట్టిది, అందలేదు. చెడిపోయినదాని స్క్రూ తల అరిగిపోయి ఉంటే తొలిచి తీశాను, అదీ పనికిరాలేదు. బజారుకు వెళ్తే దొరికేది. వెళ్ళలేదు.

అల్లుడు పక్కనే ఉన్నాడు. "మామయ్యా, లోపల స్క్రూ లేకుండా ఎలా? రివర్స్ వేస్తే ఊడొస్తుందేమో" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట. ఊడొస్తుందని నాకు తెలీదా? దీంతో రంధ్రాలే వేస్తాం, రివర్స్ ఎవడు వేస్తాడు?" అన్నాను. నా కూతురు టీ తెచ్చి అక్కడే నిలబడి ఉంది. అందుకని ఇంకాస్త గట్టిగానే అన్నాను. అతను తల దించుకుని టీ తాగాడు.

మంగళవారం పది గంటల ఇరవై నిమిషాలకు లైబ్రరీ మేడమ్ వచ్చి, పై అర అందడం లేదు, జానెడు కిందికి దించమన్నారు. స్క్రూలు తీసే మిషన్ బ్యాటరీ ఛార్జింగులో ఉంది. అల్లుడు కాసేపు ఆగుదామన్నాడు. ఆవిడ ఎదురుగా నిలబడి ఉన్నారు. నేను ఈ డ్రిల్లుతోనే తియ్యమన్నాను. అతను నా మొహం వంక చూశాడు. నేను మళ్ళీ తియ్యమన్నాను. నిచ్చెనెక్కి రివర్స్ వేశాడు. గోడ స్క్రూ బిగుసుకుపోయి కదల్లేదు, చక్ వదులైపోయి బిట్టుతో సహా కింద పడింది. పెయింటర్ కింద కూర్చుని గోడ అంచుకు రంగు వేస్తున్నాడు. పైన చప్పుడుకు తలెత్తాడు. కుడి కన్ను. చేతిలో బ్రష్ మాత్రం వదల్లేదు.

అందరూ అతన్ని ఎత్తుకుని బయటికి పరుగెత్తారు. అల్లుడూ వాళ్ళతోనే వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. కింద పడిన చక్‌లోంచి బిట్టు తీసి నేల మీదే వదిలేసి, చక్ తుడిచి జేబులో వేసుకున్నాను. పనిముట్ల పెట్టెలోంచి ఆ డ్రిల్లు అసలు చక్ తీసి, దాని స్క్రూతో సహా డ్రిల్లుకు బిగించాను. రెండు నిమిషాల పని.

పోలీసులు వచ్చి చూస్తే డ్రిల్లు సవ్యంగా ఉంది. అయితే బిట్టు సరిగా బిగించలేదన్నమాట అన్నారు. అప్పటికి తిరిగొచ్చిన అల్లుడు ఒకసారి డ్రిల్లు చూశాడు. నా వైపు చూడకుండా, "అవునండీ, బిగించడం మరిచిపోయాను" అన్నాడు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. మూడు రోజులు నోరు విప్పలేదు. కూతురు అన్నం పెడుతూ, "నువ్వెన్నిసార్లు చెప్పుంటావో నాన్నా, ఆయన వింటేగా" అంది. అదీ విని, అన్నం తిన్నాను.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రికి వెళ్ళాను. పెయింటరూ నేనూ ఇరవై ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం. ఆ కంటికి ఇక చూపు రాదని డాక్టరు చెప్పేశారట. అతను నా చెయ్యి తడిమి పట్టుకుని, "అల్లుణ్ణి ఏమీ అనకన్నా. ఏదో మరిచిపోయాడు. నేను క్షమించేశాను, నువ్వూ క్షమించు" అన్నాడు. నేను సరే అన్నాను. బయటికొచ్చి బస్టాపు బెంచీ మీద ఆరున్నర దాకా కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నా బస్సు మూడుసార్లు వచ్చి వెళ్ళింది.

ఆ చక్ ఇప్పుడు మీ బల్ల మీద పెట్టాను. అల్లుడు అబద్ధం చెప్పింది నా పరువు కోసం. అతని తప్పేమీ లేదు.

నేను చెప్పినది స్టేషన్ రైటర్ గారు రాసి, చదివి వినిపించారు. "పొరపాటున స్క్రూ పెట్టలేదు" అని ఒకచోట రాశారు. ఆ మాట కొట్టించి, "తెలిసే పెట్టలేదు" అని రాయించాను. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నిజం. కొట్టివేత పక్కన ఒక సంతకం, ఇక్కడ ఒక సంతకం చేస్తున్నాను.

(సంతకం)