చేపలూ, పుకార్లూ

శాఖాధిపతి గదిలో కూర్చున్న పరిశోధకురాలికి గోడ అవతలి కమిటీవాళ్ల నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. ఆమె ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అని పొద్దున్నుంచీ తర్జనభర్జన పడింది వాళ్లే.

"ఏం తేల్చారు సార్?"

"చేపల జన్యువుల మీద నీ పేపర్లు భేష్ అన్నారు కమిటీలోని జీవశాస్త్రంవాళ్లు. కానీ పాతబడ్డాయట."

"కొత్తవి ఉన్నాయిగా!"

"అవి పుకార్ల మీద కదా, మావి కావు, సామాజికశాస్త్రంవాళ్లని అడగండి అన్నారు."

"అడిగారా?"

"అడిగాను. వాళ్లకీ నచ్చాయి. కానీ చేపలావిడకి మేమెందుకివ్వాలి ఉద్యోగం అన్నారు."

"ఒక జన్యువు చేపల గుంపులో ఎలా పాకిందో ఏ లెక్కతో చూశానో, ఒక పుకారు జనంలో ఎలా పాకుతుందో అదే లెక్కతో చూశాను సార్. రెండూ ఒకటే పని."

"నాకు తెలుసమ్మా. వాళ్లకి చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది."

"రెంటికీ చెడ్డ రేవడినయ్యానన్నమాట."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు.

"ఫ్రీజర్ పాడై నా చేపల నమూనాలన్నీ కుళ్లిపోయినప్పుడు, ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను. గుర్తుందా సార్?"

"ఎందుకు లేదూ?"

"కొత్త ఫ్రీజర్ కొనలేం, కంప్యూటర్‌తో అయ్యే పనేదైనా చూసుకోమ్మా అన్నారు మీరు."

"అన్నాను."

"ఆ మాట వాళ్లకి చెప్పారా?"

"చెప్పానమ్మా. అయ్యో పాపం అన్నారు."

"తర్వాత?"

"టీ తెప్పించమన్నారు."