పేపర్లో రంగనాథ్ గారి పేరు

సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్ హాకర్ సెంటర్లో, తిండి దుకాణాల ముందు, నిఖిల టిష్యూ ప్యాకెట్ పెట్టి, అక్కడి పద్ధతిలో ‘చోప్’ చేసి తనకని ఆపుకున్న టేబుల్ దగ్గర, ఆమె భోజనం తెచ్చుకునేసరికి ల్యాబ్ పెద్ద రంగనాథ్ గారు కూర్చుని టీ తాగుతున్నారు. కిందటి నెల అచ్చయిన ఆమె పరిశోధన పేపర్లో, రచయితల వరసలోకి ఆయన పేరూ ఇలాగే వచ్చి కూర్చుంది.

“సార్, జర్నల్ వాళ్లు మెయిల్ పెట్టారు. మూడో గ్రాఫ్‌లో తప్పుందట. రచయితలందరూ సంజాయిషీ ఇవ్వాలట.”

“నేనెందుకమ్మా? ఆ గ్రాఫ్ నేను చూడను కూడా చూడలేదు!”

“తప్పు నాదే సార్, ఒప్పుకుంటా. కానీ మొత్తం చదివానని మీరూ సంతకం పెట్టారు కదా.”

“సంతకం పెట్టమన్నారు, పెట్టాను. చదవమని ఎవరన్నారు? నా పేరు తీయించెయ్.”

“మీ పేరు లేకుండా ఈ ల్యాబ్ నుంచి ఒక్క పేపరూ బయటికి పోదన్నారు కదా సార్?”

“అప్పుడు తప్పు లేదు కదమ్మా!”

“అప్పుడూ ఉంది సార్, ఎవరూ చూడలేదంతే. ఇప్పుడు మీ పేరు తీయాలంటే, ‘ఈ పనిలో నేను చేసిందేమీ లేదు’ అని మీరే ఉత్తరం రాసివ్వాలట.”

రంగనాథ్ గారు కప్పు కింద పెట్టారు.

“సరే, అదీ నువ్వే రాసేసి, కింద నా పేరు పెట్టెయ్యమ్మా.”