గట్టి పూత

శాలిబండలో పాత దేవిడీ భవనాన్ని లైబ్రరీగా మారుస్తున్నారు. పొద్దుటి నుంచి గోడమీది సిమెంటు చెక్కుతున్న ముసలి మేస్త్రీ నడుం పట్టుకుని కూలబడ్డాడు.

"ఇంకెన్ని రోజులు మేస్త్రీ?" ఇంజనీరమ్మ అడిగింది.

"మస్తు గట్టిగున్నది మేడం. వారమైనా ఒక్క గోడ కాలే."

"సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోక గోడ పాడైతది. పని రానోడెవడో పూసుంటడు!"

"పని వచ్చినోడే. సున్నం ఇంకా నానాలె, ఆగురా అని వాళ్ల బాపు మొత్తుకున్నడు. వీడు జల్ది అయితదని సిమెంటు కలిపిండు."

"మీకెట్ల తెలుసు?"

అతను మళ్లీ ఉలి అందుకున్నాడు.

"ముప్పై ఏండ్ల కింద నేనే పూసిన. మంచిగ పూసిన మేడం, గందుకే ఊడుతలేదు."