పాదమున్న నామం

నవ్వు, కృపామణీ, బాగా నవ్వు. పొలమారకుండా మాత్రం చూసుకో, నోట్లో అన్నం ముద్ద ఉండాది. స్టాఫ్‌రూములో ఎవురూ లేరు కాబట్టి చెప్తా ఉండాను గానీ, లేకుంటే ఈ మాట బయట పెట్టే మనిషినా నేను?

ఇన్నేండ్లుగా ఈ కాలేజీలో మనిద్దరం చేసే పనేంది? దేవుడి గురించి ఏ మతం ఎట్లా ఆలోచించిందో పిల్లోళ్ళకు చెప్పేది. నువ్వు క్రైస్తవం, నేను వైష్ణవం. "పక్కవాళ్ళ దేవుణ్ణి కూడా మన దేవుడి మాదిరే చూడాల" అని నేనంటే చప్పట్లు కొట్టలేదా వాళ్ళు?

మొన్న సాయంత్రం మా హంసిని వచ్చి, "అమ్మా, ఒకబ్బాయిని ఇష్టపడినాను. వాళ్ళు మనోళ్ళు కాదు. కోప్పడొద్దు" అనింది.

నేను కోప్పడతానా? కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను. నిజం చెప్పనా, ఈ రోజు కోసమే ఎమ్మే చదివినట్టు అనిపించింది నాకు. క్రిస్టియన్లా? నీతో చుట్టరికం కలుస్తాది. సాయిబులా? సూఫీల గురించి గంటసేపు చెప్పగలను. "ఎవురైనా సరే, దేవుడొక్కడే! ఇంటికి పిల్చుకోని రా" అనేసినాను. మా ఆయన పేపరు దించి నన్ను ఎగాదిగా చూసినాడు.

అది నా మెడ వాటేసుకునింది. "థాంక్సమ్మా! పేరు యదునందన్. నగరి వాళ్ళు. వడగలై."

వడగలై!

అట్లా చూడబాకు. మేము తెంగలై అని నీకు తెలీదా? వైష్ణవంలోనే మాదొక శాఖ, వాళ్ళదొక శాఖ. అవును, అదే విష్ణువు, అదే రామానుజులవారు, అదే పులిహోర. అయితే? మా నామానికి కింద, ముక్కు మీద, పాదమని చిన్న గీత ఉంటాది. వాళ్ళ నామానికి ఉండదు. చిన్న సంగతా ఇది? గుడి ఏనుగు నుదుట ఏ నామం దిద్దాలని మా పెద్దోళ్ళు కోర్టుకెక్కినారు తల్లీ!

నామం ఒకటే కాదు. వాళ్ళ లెక్కలో మనిషి కోతిపిల్ల. దేవుడనే తల్లిని తనే గట్టిగా పట్టుకోవాల. మా లెక్కలో పిల్లికూన. తల్లే నోట కరుచుకోని పోతాది, కూన ఊరికే ఉండాల. క్లాసులో రెండూ ఎంత ముచ్చటగా చెప్తానో! ఇంట్లో మాత్రం, "పోయి పోయి ఆ కోతుల గుంపులోనా?" అన్నాను.

అదేమనిందో తెలుసా? "అవునమ్మా, నేనే గట్టిగా పట్టుకున్నా. అందుకే దొరికినాడు."

ఏందీ? ఇంత చదివి నేనే ఇట్లా అంటే ఎట్లానా? నీ సంగతి తియ్యనా మరి? మీ చెల్లెలు సుజన వేరే సంఘంలో చేరి, నీళ్ళ తొట్టిలో నిలువునా మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకునిందని మాట్లాడడం మానేసిందెవురు? "చిన్నప్పుడు చర్చిలో అయ్యగారు నెత్తిన చల్లిన నీళ్ళు చాల్లేదా దానికి?" అని ఈ కుర్చీలోనే కూర్చోని ఏడ్చిందెవురు? ఆ రోజు నేను నవ్వినానా?

సరే, నవ్వినాను.

తిను, తిను. చల్లారిపోతాది.

నీకొక్కదానికే చెప్తా ఉండాను. ఆ పిల్లోడు క్రిస్టియనో సాయిబో అయ్యుంటే ఒప్పుకునేదాన్నే. వాళ్ళకు చెప్పేదానికి నాకాడ పాఠం తయారుగా ఉండాది. పాదం లేనోళ్ళకు లేదు.

నిన్న అది కండ్లు తుడుచుకోని, "నువ్వు వద్దంటే వాళ్ళను రావద్దని చెప్పేస్తా. కానీ సోమవారం క్లాసులో ఏం చెప్తావమ్మా?" అనింది. అరవలేదు, అలగలేదు. ఆ ఒక్క మాట అని లోపలికి పోయింది.

రేపు పొద్దున వాళ్ళు నగరి బస్సు దిగుతారు. చూపులకు.

అందుకే ఈ పొద్దు స్టూలేసుకోని, మా వాకిలి పైన రాసిన నామానికి అడ్డంగా మామిడాకుల తోరణం కట్టినాను. కొంచెం కిందికి జారినట్టు. పాదం కనపడదు. మా ఆయన చూసి, "వంకరగా ఉండాదే" అన్నాడు. ఉండనీలే అన్నాను.

ఏం చేసేది? మా సిద్ధాంతమే కదా! మెడ కరుచుకోని యాడికి తీసకపోతే ఆడికి పోవాల, కిక్కురుమనకుండా. పోతా ఉండాను.

కాకపోతే మా ఇంట్లో, కూనే తల్లిని కరుచుకోని పోతా ఉండాది.