ప్రాచీన గీతము

1936. కొనకనమిట్లకు దగ్గరి ఒక పల్లె. చర్చిలో కోత పండగ ఆదివారానికి ఇంకా రెండు రోజులున్నాయి. పంచలో కూర్చుని ఎలీషబా విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ ఉంది. దొనకొండ బడిలో టీచరుగా చేరిన మనవరాలు విజయమ్మ పొద్దున్నే బండి దిగి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేను పాడతానని ఎవరినడిగి ఒప్పుకున్నావు?"

"ఎవరినడగాల జేజీ? నిన్నేగా. అడుగుతాండా గదా ఇప్పుడు."

"ఒప్పుకొని వచ్చి అడిగేదాన్ని అడగడమంటారా మీ బళ్ళో?"

"కోప్పడొద్దు. మన పాస్టరయ్య ఎంత సంతోషపడినాడో తెలుసా? 'ఎలీషబమ్మ ముందు నిలబడి ఎత్తుకుంటే ఇంకేం కావాలమ్మా' అన్నాడు. ప్రోగ్రాం కాగితంలో గూడా రాసేసినాడు."

"ఏమని రాసినాడు?"

"ఇదో, చదువుతా విను. ప్రార్థన. వాక్యపఠనం. కానుకలు. ఆ తర్వాత... 'ప్రాచీన గీతము. శ్రీమతి ఎలీషబమ్మ గారు, యువతుల బృందం.'"

"ప్రాచీనమంటే?"

"శానా పాతది అని."

"ఎంత పాతది?"

"అంటే... పూర్వం పెద్దోళ్ళ కాలంది. ఎవరు కట్టినారో ఎవరికీ తెలియనంత పాతది."

"నేనూ మగ్దలీనమ్మా కట్టినాం. కొర్రచేలో కలుపు తీస్తా కట్టినాం. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది ఆ పాట."

"మీరు కట్టినారా! జేజీ! ఇన్నాళ్ళూ ఒక్క మాటన్నా చెప్పలేదే!"

"కాయలు చూసి ఒలువు. పప్పు బద్దలైపోతాంది. విత్తనాలవి."

"పప్పు సంగతి తర్వాత. నువ్వే కట్టినావంటే మా బడి ఆడపిల్లలు ఎగిరి గంతేస్తారు. వాళ్ళకి ఆ పాటంటే పిచ్చి పట్టుకుంది జేజీ. నీళ్ళకి పోతా అదే, చీపురు పట్టినా అదే. హెడ్మాస్టరు గారి భార్య హార్మోనియం మీద వాయించి కాగితం మీద రాసుకుంది."

"ఆమెకెందుకు?"

"పోకుండా ఉండాలని. ఇట్లాంటివన్నీ రాసిపెట్టుకోకపోతే ముసలోళ్ళతోనే పోతాయంట. నిన్ను అనలేదులే."

"నన్నేగా."

"నిన్ను కాదు జేజీ. మామూలుగా అన్నది. ఒక్క చోట మాత్రం మాట మార్చినాం, ఏమనుకోవద్దు. 'వదినమ్మ సిగ్గు' అని ఉంది చూడు, ఆడ 'దేవుని దయ' అని పెట్టినాం. గుళ్ళో పాడేది గదా."

"వదిన యాడికి పోయింది?"

"తీసేసినాం."

"సిగ్గు?"

"అదీ తీసేసినాం."

"మంచి పని చేసినారు. రెండిటితోనూ గుళ్ళో ఏం పని."

"ఎగతాళి చేస్తాండావు."

"లేదు. మీరు చదువుకున్నోళ్ళు."

"డప్పు గూడా పెట్టుకోమన్నాడు పాస్టరయ్య. మాల్యాద్రి మామని పిలిచినాం."

"గుళ్ళోకా?"

"గుళ్ళోకే. మన వరసల్లోనే, మన వాయిద్యాలతోనే దేవుణ్ణి పాడాలని ఇప్పుడు పెద్ద పెద్ద పట్నాల్లో గూడా చెప్తాండారంట."

"ఇప్పుడు చెప్తాండారా?"

"ఇప్పుడే."

"సరే."

"సరేనంటే పాడతావనా?"

"డప్పు తెచ్చుకోండి, సరే అంటి. నాకు దగ్గు."

"దగ్గు యాడుంది? పొద్దున్నుంచి ఒక్కసారి దగ్గలేదు."

"ఆదివారానికి వస్తది."

"జేజీ!"

"మోకాళ్ళు గూడా పట్టేసినాయి. అంతసేపు నిలబడలేను."

"కుర్చీ వేస్తాం. పాస్టరయ్య కుర్చీయే వేస్తాం. ఇంకేముంది సాకు?"

"ముసలిదాన్ని ముందర కూర్చోబెట్టి ఎందుకు పాడించడం? మీరు పాడుకోండి. వయసు పిల్లలు."

"నువ్వు ఉంటేనే అందం. ఆ కాలం మనిషి ఒకరన్నా ఉండాల గదా... ఏంది, మళ్ళీ తప్పుగా అన్నానా? భయమా నీకు? పాపమని భయపడుతాండావా? ఇప్పుడది పాపం కాదు జేజీ."

"ఎప్పట్నించి?"

"ఎప్పట్నించేంది, అసలు ఎప్పుడూ కాదు. ఆ కాలం వాళ్ళకి తెలియలేదు."

"మన సంఘం పెద్ద దేవరాజుకి తెలియలేదా?"

"తెలియలేదు."

"మిషను దొరగారికి?"

"ఆయనకీ తెలియలేదు. మన పాటలన్నీ అన్యుల పాటలనుకునేవాళ్ళు."

"మరి ఎవరికి తెలిసి మమ్మల్ని ప్రభువు బల్ల కాడ్నించి లేపినారు?"

"లేపినారా? ఎవర్ని?"

"రొట్టె ఇచ్చే ఆదివారం. ముందు వరసలో కూర్చున్నాం. దేవరాజు పెద్ద వచ్చి, మీరిద్దరూ లేసి బయటికి పోండి అన్నాడు."

"నిన్నూ మగ్దలీనమ్మ అవ్వనా?"

"ఆమె ఆడబిడ్డ పెండ్లిలో ఎదురుకోళ్ళప్పుడు పాడినాం. డప్పు ఉండాది. ఆ పాటకే."

"ఈ పాటకేనా!"

"మీ ప్రాచీనం పాటకే."

"నాయన నాతో ఎప్పుడూ చెప్పలేదే."

"వాడికేం తెలుసు. అప్పటికి ఏడేళ్ళోడు. ఆ ఏడే వాణ్ణి బోర్డింగు బడిలో చేర్చాల. బల్లకి దూరంగా ఉండే వాళ్ళ పిల్లల్ని చేర్చుకోరు అన్నారు."

"అందుకని?"

"అందుకనేముంది. సంఘం ముందర లేసి నిలబడితే తీసుకుంటాం అన్నారు. నిలబడినా. తప్పు చేసినాను, ఆ పాట ఇంక నా నోట రాదు, మనసులో గూడా పెట్టుకోను అని చెప్పినా. వాళ్ళు చెప్పమన్నట్టే చెప్పినా. ఆ వారమే రొట్టె ఇచ్చినారు. ఆ నెలలోనే మీ నాయన బోర్డింగుకి పోయినాడు."

"మగ్దలీనమ్మ అవ్వ?"

"ఆమె లేయలేదు."

"ఎందుకు?"

"'పెండ్లిలో పాడితిమి, దొంగతనం చేయలేదు, నేనేమని లేసి చెప్పాల' అనింది. కూర్చునే ఉండాది. ఆమె కొడుకు విశ్వాసం బడి లేక మేకలు కాసినాడు."

"నాయన చదువుకోకపోతే నేను లేను. నా టీచరు పని లేదు."

"లేదు."

"నువ్వు చేసింది తప్పు కాదు జేజీ."

"తప్పన్నానా?"

"తర్వాత మాట్లాడుకోలేదా మీరిద్దరూ?"

"యాడ మాట్లాడేది. కూలికి ఆమె వచ్చిన చేలోకి నేను పోకపోతిని. ఆమె పాడతాందని తెలుసు. విశ్వాసానికి రైలుకట్ట మీద పని దొరికి దొనకొండకి పోయినారు. అంతే. మొన్న ఎండాకాలంలో పోయిందని చెప్పినారు."

"పోయినప్పుడు గుడి గంట గూడా కొట్టలేదంట. బల్లలో లేదు గదా అని. సౌభాగ్యమ్మత్త చెప్పింది."

"విశ్వాసం పెండ్లామా?"

"ఆమే. ఆమె కాడే మేము నేర్చుకున్నాం ఈ పాట. మా బడి వెనకాలే వాళ్ళిల్లు. మగ్దలీనమ్మ అవ్వ పోయే దాకా పాడుతూనే ఉందంట జేజీ, మంచంలో గూడా. మాది కొనకనమిట్ల కాడ పల్లె, ఎలీషబా మనవరాల్ని అనగానే ఆమె చేతులు పట్టుకుంది. 'మా అత్త ఎప్పుడూ చెప్పేది, పాట నాది కాదు, ఎలీషబాది, నేను వెనకాల అందుకునేదాన్నే అని. అది రొట్టె కోసం నోరు మూసుకుంది గానీ పాట లోపలే పెట్టుకోనుంటది అని' — ఇట్లా అనింది. నువ్వు ముందు ఎత్తుకునేదానివని మాత్రమే అనుకున్నా, కట్టింది నువ్వని, ఆ రొట్టె మాట ఏందని ఇప్పుడే తెలుస్తాంది."

"అట్ల అనిందా మగ్దలీనమ్మ?"

"అట్లనే అనిందంట."

"కోపంగానా?"

"కోపమేమీ లేదంట. నవ్వుతానే అనేదంట. అందుకే జేజీ, నేను నిన్నడక్కుండానే ఒప్పుకునింది. సౌభాగ్యమ్మత్త గూడా వస్తాంది ఆదివారం. నువ్వు ఎత్తుకుంటే వినాలని రైలెక్కి వస్తాంది."

"ఆమెనెందుకు రమ్మన్నావు?"

"నేను రమ్మనలేదు. ఆమే వస్తానంది. సరే, ఇట్ల చేద్దాం. నువ్వు ఎత్తుకోనక్కర్లా. నేను ఎత్తుకుంటా, నువ్వు అందుకో. ఒక్కసారి. ఈడ వినేవాళ్ళు ఎవరూ లేరు. సొంత మాటలతోనే పాడతాలే. 'కొండమీద మబ్బొచ్చె, కొర్రచేను తలవంచె...'"

"ఊఁ."

"'వంచిన తల ఎత్తనీదు వదినమ్మ సిగ్గు...' అందుకో జేజీ."

"మళ్ళీ పాడు."

"'కొండమీద మబ్బొచ్చె, కొర్రచేను తలవంచె...'"

"ఇంకోసారి. నిదానంగా పాడు."

"'కొండమీద... మబ్బొచ్చె...' ఏంది జేజీ, అట్ల చూస్తాండావు? ఏడుపొస్తాందా?"

"వస్తే బాగుండు."

"మరి?"

"మాటలు మావే. అవి తెలుస్తాండాయి. ఆ వరస ఎవరిది?"

"ఎవరిదేంది? మీదే."

"సౌభాగ్యమ్మ మార్చిందేమో."

"మార్చలేదు. విశ్వాసం మామ ముందర పాడి సరిచూసుకున్నాం. మా అమ్మ పాడినట్టే ఉంది, ఒక్క విరుపు గూడా తేడా లేదు అన్నాడు."

"అయితే అదే అయ్యుంటది."

"జేజీ, నీకు... గుర్తు రాలేదా?"

"పాడనని నోటితో చెప్పడం ఎంతసేపు. అది ఊరుకుంటదా? తిరగలి పట్టుకుంటే వచ్చేది. బిడ్డకి నీళ్ళు పోస్తాంటే వచ్చేది. వచ్చినప్పుడల్లా దొరగారు నేర్పిన పాట ఒకటి పెద్దగా ఎత్తుకునేదాన్ని. ఇది లేసినప్పుడల్లా దాని మీద అది. గోడకి సున్నం కొట్టినట్టు కొట్టినా. రెండేండ్లో మూడేండ్లో. తర్వాత రావడం మానేసింది."

"నేను నువ్వు లోపల దాచుకున్నావనుకున్నా."

"అందరూ అట్లనే అనుకున్నారు. నేను గూడా అనుకున్నా, ఇప్పుడు నువ్వు పాడే దాకా."

"జేజీ..."

"ఎవరో దారిన పోయేవాళ్ళు పాడినట్టుండాది. బాగుండాది. ఎవరిదో."

"పోనీలే. ఇంక నిన్ను ఇబ్బంది పెట్టను. నీకు ఒంట్లో బాగలేదని పాస్టరయ్యకి చెప్తా. నువ్వన్నట్టు దగ్గని చెప్తా."

"సౌభాగ్యమ్మకి ఏమని చెప్తావు?"

"ఆమెకీ అదే చెప్తా."

"ఏ రైలుకి వస్తాంది?"

"రేపు సాయంత్రం రైలుకి దొనకొండలో ఎక్కి మార్కాపురంలో దిగుతాది. ఆడ్నించి బండిలో వచ్చి మనింట్లోనే పడుకుంటాది."

"అయితే దగ్గని చెప్పొద్దు. ఆ వీధి తలుపు దగ్గరికేసి వచ్చి ఇట్ల కూర్చో. కొత్త పాట నేర్చుకునే దానికి నేర్పినట్టు, మొదటి ముక్క కాడ్నించి నాకు నేర్పు. ఆమె బండి దిగే లోపల నాకు వచ్చేసుండాల."