మొఖం మీద కంపెనీ పేరు

వందనకు ఫోటోలు తీసుడంటే సరదా. ఆదివారం పొద్దుగాల, హుస్నాబాద్‌ల ఇంటి ముందట కూసొని తల్లికి ఫోను చూపిస్తున్నది.

"నీ ఫోటోను జర దిద్దిన అవ్వా. ఫ్రేము కట్టిద్దామా?"

"మంచిగనే ఉన్న గని, నా మొఖం మీద గా రాత ఏంది?"

"ఫోటో దిద్దే సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు. పైసలియ్యకుంట వాడితే గట్లనే రాస్తరు."

"తీసెయ్యరాదు."

"తీయాల్నంటే నెలనెలా పైసలు కట్టాలె."

"నా మొఖానికి నేనే కిరాయి కట్టాల్నా?"

"ఇంకో సాఫ్ట్‌వేర్ ఉన్నది. అది పూరా ఫ్రీ, పేరు గూడ రాయదు. గని నేర్చుకునేసరికి ఆర్నెల్లు పడ్తది."

"నేర్చుకో బిడ్డా, నాకేం తొందర లేదు. అప్పటిదాంక గిది మీ మేనత్తకు మాత్రం చూపియ్యకు."

"ఎందుకే?"

"నన్ను కంపెనోళ్లు కొనుక్కున్నరని ఊరంత చెప్తది."