తడినేల పరీక్ష, తీసేసిన తొమ్మిదో పేజీ

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, మా రబ్బరు పరిశోధనశాలలో సహాయకురాలిగా చేరిన నాడే, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా విభాగాధిపతి గారు అక్కడి తూనిక యంత్రం తప్పు చూపుతోందని ఫిర్యాదు రాసి ఇచ్చారు. ఆ మాట నిజమని తేలడానికి మూడు నెలలు, యంత్రం మార్చడానికి రెండేళ్లు పట్టాయి. అప్పటినుంచి ఆవిడ అందరికీ తక్కెడ మేడమ్ అయ్యారు. ముప్ఫై అయిదేళ్ల ఆ సేవను కొనియాడుతూ వ్యాసం రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. "మంచి మాటలే రాయండి, పాత గొడవలు తవ్వకండి" అని కూడా చెప్పింది. మంచి మాటలే రాస్తాను, కానీ ఒళ్లు మండుతూ రాస్తాను.

గరుకు కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుండగా దానికి రబ్బరు బిళ్లను ఒత్తిపెట్టి, ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తూచి, ఎంత అరిగిందో తేల్చడం మా విభాగం పని. సహజ రబ్బరులో కృత్రిమ రబ్బరును ఏ పాళ్లలో కలిపితే సరుకు ఎక్కువకాలం మన్నుతుందో, ఏ పాళ్లు దాటితే నేల మీద పట్టు తప్పుతుందో చెప్పగలగడం ఆవిడ విద్య. పందొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో విభాగాధిపతి అయ్యాక కూడా బిళ్లలను స్వయంగా తూచేవారు. యంత్రం ఒక్కటే చాలదని, ఎడమ బూటుకు ఒక మిశ్రమం, కుడి బూటుకు మరొక మిశ్రమంతో అడుగున సోళ్లు వేయించుకుని నెలల తరబడి తిరిగేవారు. ప్రతి సోమవారం వాటిని విప్పి తూచేవారు. ఒకసారి వారి శ్రీవారు మాతో మొత్తుకున్నారు. "ఈవిడ కుడికాలు ఒకలా, ఎడమకాలు ఒకలా అరుగుతుంటే, పక్కన నడిచే నేను వంకరైపోతున్నానండీ!" మేడమ్ నవ్వకుండా, "మీ చెప్పులు కూడా రేపు పంపండి, తూస్తాను" అన్నారు.

రెండువేల పన్నెండులో ఆసుపత్రుల వంటగదుల్లో పనిచేసేవారికి బూట్లు తయారుచేసే పని మన సంస్థకు వచ్చింది. కృత్రిమ రబ్బరు పాలు బాగా పెంచిన కొత్త మిశ్రమం అరుగుదలలో పాతదానికన్నా రెట్టింపు మన్నింది. పైవాళ్లు పొంగిపోయారు. మేడమ్ మాత్రం నేల మీద సబ్బునీళ్లు పోసి పరీక్షించారు. పట్టు సగానికి సగం పడిపోయింది. ఆ ఫలితాన్ని నివేదికలో తొమ్మిదో పేజీగా రాశారు.

డైరెక్టరు గారు చూడవచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. గచ్చు మీద సబ్బునీళ్లు పరచి, కొత్త బూట్లు ముందు పెట్టి, "ఇవి తొడుక్కుని ఒక్క నాలుగడుగులు వెయ్యండి సార్" అన్నారు మేడమ్. ఆయన నవ్వి, "మనకు మన్నిక ముఖ్యమమ్మా, జారుడు సంగతి తర్వాత చూద్దాం" అంటూ గోడవారన పొడిగా ఉన్నచోట జాగ్రత్తగా నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఇతరులు నిలబడి అంట్లు తోమే తడిలో తాను అడుగు పెట్టలేదు!

ఆ సాయంత్రం డైరెక్టరు గారి ఆఫీసు నుంచి నాకు కబురొచ్చింది. నివేదికకు తుదిప్రతి తయారుచేసేది నేను. "తొమ్మిదో పేజీ అక్కర్లేదు" అన్నారు. తీసేశాను. ఎందుకని అడగలేదు. అప్పట్లో నా పదోన్నతి కాగితం వాళ్ల బల్ల మీద ఉంది.

ఏడాది తిరక్కుండా ఒక ఆసుపత్రి వంటగదిలో గిన్నెలు కడిగే తల్లి ఆ బూట్లతో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. విచారణ జరిగింది. తడినేల పరీక్ష చేయకుండానే మిశ్రమాన్ని అనుమతించారని మేడమ్ సర్వీసు పుస్తకంలో నిర్లక్ష్యం కింద రాశారు. ఆవిడ తన చేతిరాత నోటు పుస్తకం చూపిస్తే, అది అధికారిక పత్రం కాదన్నారు. ఆవిడ తిన్నగా నా బల్ల దగ్గరకు వచ్చారు.

"తొమ్మిదో పేజీ ఏదయ్యా?"

"ఏ పేజీ మేడమ్?" అన్నాను.

చేతిలోని నోటు పుస్తకం మూసి వెళ్లిపోయారు. ఆ తర్వాత పదకొండేళ్లు నాకు పని నేర్పారు, నా తప్పులు దిద్దారు, మా అమ్మ పోయినప్పుడు ఇంటికి వచ్చి కూర్చున్నారు. నిర్లక్ష్యం అన్న ఆ ముద్ర వల్ల ఆవిడకన్నా చిన్నవాళ్లు ఆవిడ పైకి వెళ్లారు. వాళ్లలో నేనూ ఉన్నాను. డైరెక్టరు గారి మీద నాకున్న కోపం పెద్దదే. నా మీద ఉన్నది అంతకన్నా పెద్దది.

పోయిన వారం ధైర్యం చేసి చెప్పాను. "మేడమ్, ఆ పేజీ నా దగ్గరుంది."

"తెలుసు. సొరుగుకు తాళం వెయ్యడం ఆ వారమే మొదలెట్టావు."

"మరి అడగలేదేం?"

"ఒకసారి అడిగాను కదయ్యా."

ఈ సంచికకు కూడా తుదిప్రతి తయారుచేసింది నేనే. ఈసారి పేజీ తీయలేదు, ఒకటి కలిపాను. పక్కన అచ్చయి ఉన్నది ఆ తొమ్మిదో పేజీయే. కింద పరీక్షకు సాక్షిగా నా సంతకమూ ఉంది. ఈ సాయంత్రం ఆవిడ గేటు దాటేలోగా సర్వీసు పుస్తకంలోని ఆ ముద్ర కొట్టేయాలి. విచారణ కావాలంటే నన్ను పిలవండి, వస్తాను.

మా తక్కెడ మేడమ్ గారు నిండు ఆరోగ్యంతో, తమవారి నడుమ, ఇకనైనా రెండు కాళ్లకూ ఒకే రకం సోళ్లున్న బూట్లు తొడుక్కుని, నూరేళ్లు నిశ్చింతగా నడవాలని మనసారా కోరుకుంటున్నాను. నన్ను క్షమించమని మాత్రం కోరడం లేదు. ఆ పేజీ ఏదని ఆవిడ అడిగిన రోజే దానికి గడువు దాటిపోయింది.